రూబెన్ సారు పండగలు, నా ట్రంకు బోర్డు

ఫోన్ పట్టుకుని బతికే ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నా. కాల్ సెంటర్ అనండి, కస్టమర్ కేర్ అనండి, పేరు ఏదైనా పని ఒకటే. అవతల మనిషి కనపడడు. గొంతు వినపడుతుంది. ఆ గొంతు ఎప్పుడూ తియ్యగా ఉండదు. నేను టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, ఆ పనిలోనే తల నెరిసి రిటైరైన దాన్ని. ప్రమోషన్లు, పే కమిషన్ల గురించి చెప్పను. వాటివల్ల మీకేం ఒరగదు. నాకు పని నేర్పిన మనిషి గురించి, ఆయన పండగల గురించి చెప్తా. ఎందుకంటే నేను పని నేర్చుకుంది ట్రైనింగులో కాదు, ఆయన పండగల్లో.

ఆయన యూదుడు. నెల్లూరు మొత్తానికి ఒకే ఒక్క యూదుడు.

మద్రాసు నుంచి వచ్చిన నోరు

నేను పుట్టి పెరిగింది మద్రాసు చింతాద్రిపేటలో. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, గొడవల్లో రెండూ. మా పక్క వైద్యుడి ఇంట్లో ఫోన్ ఉండేది. అది మోగితే చాలు, వాళ్ళకంటే ముందు నేను పరిగెత్తి ఎత్తేదాన్ని. "దీని పెళ్ళి ఆ రిసీవరుతోనే చేసేయండి" అని మా అత్త వెక్కిరించేది. అరవైల మొదట్లో నెల్లూరు ఎక్స్చేంజికి పోస్టింగు వేస్తే, ఇంత చిన్న ఊళ్ళో నా గొంతు వేస్టయిపోతుందని ఏడ్చుకుంటూ వచ్చా.

అప్పటి పని మీకు ఊహకి అందదు, కొంచెం చెప్తా. చెవులకి ఇయర్‌ఫోను, గుండె మీద వేలాడే మౌత్‌పీసు, ఎదురుగా గోడంత బోర్డు. దాన్నిండా చిల్లులు. ఎవరైనా ఫోనెత్తితే వాళ్ళ చిల్లు మీద చిన్న రేకు మూత టక్కున పడుతుంది. మనం అందులో ప్లగ్గు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. ఊళ్ళో ఫోనయితే వెంటనే కలిపేస్తాం. బయట ఊరయితే ట్రంకు కాల్, బుక్ చేసుకుని వరసలో కూచోవాలి. పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి దొరికినా దొరికినట్టే. మాట్లాడటానికి మూడు నిమిషాలు. అవగానే మధ్యలో దూరి "త్రీ మినిట్స్ ఓవర్" అంటాం. మొగుడూపెళ్ళాలు ఏడుస్తున్నా సరే, అంటాం.

విడవలూరులో ఒక రైసుమిల్లు ఆయన ఉండేవాడు. రోజూ మద్రాసుకి కాల్ కావాలి, రోజూ నా ప్రాణం తీసేవాడు.

"ఏమ్మే, మద్రాసు ఇంకా రాలే?"

"ఏమ్మే ఏంటండీ? నేనేమన్నా మీ మిల్లులో చెరుగుతున్నానా?"

"ఓహో. మాటలు బానే వస్తన్నాయే. లైనే రాదు."

"మీ నోటికి జడుసుకుని మద్రాసు పారిపోయింది. దొరికితే చెప్తా" అని ప్లగ్గు పీకేశా.

గదిలో అందరూ పకపకా నవ్వారు. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. నవ్వనిది సూపర్‌వైజరు రూబెన్ సారు ఒక్కడే. పొట్టిగా, లావు కళ్ళద్దాలతో, జేబులో ఒక నల్ల టోపీ మడిచి పెట్టుకుని ఉండేవాడు. బొంబాయి వైపు మనిషి. తెలుగు మద్రాసులో నేర్చుకున్నాడు కాబట్టి అందరినీ మీరు అనేవాడు, చివరికి ఆఫీసు పిల్లిని కూడా.

నా డ్యూటీ దిగాక వరండాలోకి పిలిచాడు.

"సరోజమ్మా, మీరు గెలిచారు. ఇప్పుడు ఆయనకి ఫోన్ చేసి, వరస ప్రకారం ఆయన కాల్ ఆయనకి ఇప్పించండి."

"తిట్టేదేదో లోపలే తిట్టొచ్చుగా సార్? ఈ వరండా మర్యాద ఎందుకు?"

"నలుగురిలో తిట్టకూడదు. మా రబ్బీలు, అంటే మా మతంలో చదువుకున్న గురువులు, ఒక మాట చెప్పేవాళ్ళు. నలుగురి ముందు ఒకరి మొహం తెల్లబోయేలా చేస్తే, వాళ్ళ రక్తం ఒలకబోసినట్టేనట. మొహంలోంచి రక్తం దిగిపోయింది కదా? ఎవరు తీశారు దాన్ని?"

నేను ఊరుకునే రకమా? "ఫోన్లో మొహం కనపడదుగా సార్" అన్నా.

ఆయన నిజంగానే ఆలోచించాడు. నా తలతిక్క ప్రశ్నలకి కూడా ఆలోచించి జవాబు చెప్పడం ఆయన అలవాటు. వాళ్ళ మతంలో గురువుని ప్రశ్న వేసి ఇరికించడం తప్పు కాదట, అదే చదువట. "అందుకే ఇంకా భయపడాలి. ఎదురుగా ఉంటే తెల్లబోయిందని తెలుస్తుంది, ఆగుతాం. ఫోన్లో అది కూడా తెలియదు" అన్నాడు.

ఈ ఒక్క మాట మీరు పట్టుకుంటే మిగతాది చదవకపోయినా పర్లేదు.

ఆదివారం పనిచేసే కిరస్తానీ

రూబెన్ అనే పేరు విని ఊరంతా ఆయన్ని కిరస్తానీ అనుకుంది. క్రిస్మస్‌కి కేకులు పంపేవాళ్ళు. కానీ ఆయన ప్రతి శనివారం సెలవు తీసుకుని, దానికి బదులు ప్రతి ఆదివారం డ్యూటీ చేసేవాడు. మా మిగతా ఆపరేటర్లకి హాయి, ఆదివారం గుడికెళ్ళేవాళ్ళు గుడికి, చర్చికెళ్ళేవాళ్ళు చర్చికి. ఒకసారి పాస్టరుగారు ఆఫీసుకొచ్చి, చాలా బాధగా, "బ్రదర్, ఆదివారం కూడా పనేనా? ఒక్క గంట దేవుడికి ఇవ్వలేరా?" అన్నాడు.

"శనివారం రోజంతా ఇచ్చేశాను పాస్టరుగారూ. ఆయన దగ్గర మిగులు కూడా ఉండి ఉంటుంది" అన్నాడు సారు.

ఆ రోజు మాకు తన కథ చెప్పాడు. ఎన్నో వందల ఏళ్ళ కిందట వాళ్ళ పూర్వీకుల ఓడ కొంకణ తీరంలో బద్దలైందట. ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొద్దిమంది అక్కడే ఉండిపోయి, గానుగాడించి నూనె అమ్ముకుని బతికారట. పుస్తకాలు సముద్రంలో పోయాయి, భాష మర్చిపోయారు. ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు. చుట్టుపక్కల వాళ్ళు 'శనివారం తెలికలోళ్ళు' అని పేరు పెట్టారట.

మా లైన్‌మ్యాన్ పెంచలయ్య ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. విడవలూరు వైపు మనిషి, సారుకంటే పదేళ్ళు పెద్ద. స్తంభాలెక్కీ ఎక్కీ అరచేతులు తాబేటి చిప్పల్లాగా అయిపోయుండేవి. "అయితే సార్, మీరు గాండ్లోళ్ళా?" అన్నాడు. సారు "అవును" అన్నాడు. పెంచలయ్యకి ఎంత నిమ్మళం అయిందో. ఇన్నాళ్ళూ సారు ఎవరో తెలియక అవస్థ పడుతున్నాడట. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరడిగినా "మా సారు బొంబాయి గాండ్లాయన, శనివారం నోము" అని చెప్పేవాడు. సారు ఎప్పుడూ దిద్దలేదు.

చిల్లుల కప్పు

వాళ్ళకి దసరా రోజుల్లో, నెల్లూరు వానలు మొదలయ్యే వేళకి ఒక పండగ వస్తుంది. వారం రోజులు గట్టి ఇల్లు వదిలేసి పందిట్లో అన్నం తినాలి. పూర్వం ఎడారిలో తిరిగినప్పుడు గుడారాల్లో బతికారు కదా, అది మర్చిపోకుండా ఉండటానికట. సారు క్వార్టర్సు వెనక తాటాకు పందిరి వేయమని పెంచలయ్యకి చెప్పాడు. పెంచలయ్య సంబరంగా, గాలి కూడా దూరనంత దట్టంగా కప్పాడు. సారు వచ్చి చూసి తల గోక్కున్నాడు.

"పెంచలయ్యా, కొంచెం వదులు చేయాలి. లోపల కూచుంటే నక్షత్రాలు కనపడాలి."

"నక్షత్రాలు జూడాలంటే బయట కూసుంటే పోలా సార్? దానికి కప్పెందుకు?"

"కప్పు ఉండాలి. కానీ నమ్ముకునేంత గట్టిగా ఉండకూడదు."

"వానొస్తే?"

"తడుస్తాం."

పెంచలయ్య మొహం మాడిపోయింది. "రేపు ఎవురన్నా చూసి, పెంచలయ్య కప్పింది ఇదేనా అంటే నా పరువేం గావాల?" అన్నాడు. సారు స్టూలెక్కి తనే ఆకులు జరిపాడు. మర్నాడు సారు ఆఫీసులో ఉండగా పెంచలయ్య వెళ్ళి మళ్ళీ బిగించేశాడు. సారు మళ్ళీ జరిపాడు. వారమంతా ఇదే. ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా అనుకోలేదు.

చివరి రోజు మమ్మల్నందరినీ భోజనానికి పిలిచాడు. ఆయన తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, యాలకులు కలిపి పళ్ళతో పెడితే, అచ్చం మా అమ్మ కృష్ణాష్టమికి చేసినట్టుంది. రెండు ముద్దలు తిన్నామో లేదో, నెల్లూరు వాన సంగతి తెలుసుగా, దబదబా కురిసింది. ఆకుల్లో నీళ్ళు, జడల్లో నీళ్ళు. సారు నవ్వుతూ, "అన్నంలో నీళ్ళు పడితే ఇంట్లోకి పోవచ్చని మా గురువులు చెప్పారు. పండగ ఆనందంగా ఉండాలి గానీ శిక్షలాగా ఉండకూడదు" అని అందరినీ లోపలికి తోలాడు.

పెంచలయ్య తల తుడుచుకుంటూ, "అంత తెలివైనోళ్ళు ముందే గట్టిగా కప్పమని చెప్పుండొచ్చు గదా" అన్నాడు. సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

నేను నా మతం మార్చుకోలేదు. ఇప్పటికీ పొద్దున్నే రంగనాయకస్వామికి దండం పెట్టుకునే కాఫీ తాగుతా. కానీ ఆ చిల్లుల కప్పు నా భక్తిలో ఉండిపోయింది. అంతా బిగించేసుకుంటే పైన ఏముందో కనపడదు.

ఆఫీసరు క్షమాపణ అడిగితే

ఆ పందిరి పండగకి నాలుగైదు రోజుల ముందు వాళ్ళకి అన్నిటికంటే పెద్ద పండగ. పండగంటే పిండివంటలు కాదు, పూర్తి ఉపవాసం. పొద్దు కుంకిన దగ్గర్నుంచి మర్నాడు చీకటి పడేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. పని లేదు, తోలు చెప్పులు లేవు. ఏడాది పాపాలన్నీ ఆ రోజు దేవుడు కడిగేస్తాడు. కానీ అందులో ఒక మెలిక ఉంది. దేవుడికి చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు. మనిషికి చేసిన తప్పు మాత్రం ఆయన ముట్టుకోడు. ఆ మనిషి దగ్గరికే పోయి అడగాలి. కాదంటే మళ్ళీ పోవాలి, మూడుసార్లు దాకా.

దాంతో రూబెన్ సారు ఆ ముందు వారంలో ఆఫీసంతా తిరిగేవాడు. గవర్నమెంటు ఆఫీసులో అధికారి కిందవాళ్ళని క్షమాపణ అడగడం మీరు చూశారా? నేను ఆ తర్వాత మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"పెంచలయ్యా, ఈ ఏడాది మిమ్మల్ని బాధపెట్టి ఉంటే క్షమించండి."

పెంచలయ్య రెండడుగులు వెనక్కేశాడు. "అయ్యో సార్, ఏందిది, నాకు పాపం తగల్తది!"

"క్షమించానని చెప్పండి."

"మీరు పెద్దోళ్ళు సార్, మిమ్మల్ని నేనేంది చమించేది?"

"చెప్పకపోతే రేపు మళ్ళీ రావాలి. ఎల్లుండి మళ్ళీ."

"సరే, చమించినా, చమించినా! పోండి సార్ ఇంక!" అని పెంచలయ్య నిచ్చెన భుజానేసుకుని పారిపోయాడు.

నా దగ్గరికొచ్చినప్పుడు నేనేమో తెలివి చూపిద్దామని, "క్షమిస్తా, కానీ దసరాకి సెలవిస్తేనే" అన్నా. ఆయన సీరియస్‌గా, "అది వేరే పిటిషన్" అన్నాడు.

ఇందులో నా అభిప్రాయం చెప్పమంటారా? అడిగేవాడి కంటే అడిగించుకున్నవాళ్ళే మారతారు. ఆ వారం తర్వాత నెలరోజులు నేను ఎవరి మీదా అరవలేకపోయేదాన్ని. తర్వాత మామూలే అనుకోండి.

తుఫాను, అమ్మ, వరస

ఇప్పుడు అసలు విషయం. నేను నెల్లూరొచ్చిన రెండో ఏడాది.

ఆ ఉపవాసానికి ముందు సాయంత్రం, పొద్దు కుంకే లోపల, వాళ్ళలో తల్లిదండ్రులు బిడ్డల తల మీద చేతులు పెట్టి దీవిస్తారు. రూబెన్ సారు ఏ ఊళ్ళో పనిచేసినా ఆ రోజుకి బొంబాయి వెళ్ళి, తల్లి ముందు తలొంచి వచ్చేవాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ ఏడాది తుఫాను పట్టుకుంది. స్తంభాలు పడిపోయాయి, సెలవులన్నీ రద్దు చేశారు. అదొక్కటే అయితే మరుసటి ఏడాది పోయేవాడు. కానీ తల్లి, తమ్ముడి కుటుంబంతో కలిసి, పండగలవగానే ఓడెక్కి వాళ్ళ పుణ్యదేశానికి పోతోంది. ఎనభై దాటిన మనిషి. వెళితే ఇంక రాదు. ఇదే చివరి దీవెన.

పొద్దున్నే మామూలు జనంతో పాటు కౌంటరు ముందు నిలబడి, బొంబాయికి ఆర్డినరీ కాల్ బుక్ చేశాడు. వాళ్ళ వీధి మలుపులో ఉన్న మందులషాపు నంబరు. అక్కడ తల్లిని కూచోబెడతారట. చేతులు పెట్టడం ఎలాగూ కుదరదు, గొంతయినా వింటానన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. తుఫానుకి మద్రాసు లైన్లన్నీ పోయి ఒక్కటే పనిచేస్తోంది. బొంబాయి కావాలన్నా మద్రాసు మీదుగానే. వరస చూస్తే మిల్లు ఆయన దగ్గర్నుంచి ఊరంతా సారుకి ముందే ఉన్నారు.

"సార్, మద్రాసు ఆపరేటరు నా క్లాస్‌మేటు. ఒక్క మాట చెప్తా, క్షణంలో బొంబాయి ఇస్తుంది. ఎవరికీ తెలియదు."

"ఆ లైను నాది కాదమ్మా."

"సూపర్‌వైజరు మీరే కదా!"

"అందుకే నాది కాదు. మనిషి పోయాక అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? దేవుణ్ణి నమ్మావా అని కాదట. ఇచ్చిపుచ్చుకునే దగ్గర నిజాయితీగా ఉన్నావా అనట."

"అది షావుకార్లకి సార్. మనమేం అమ్ముతున్నాం?"

"వరస. మన షాపులో ఉన్న సరుకు అదొక్కటే" అన్నాడు.

మధ్యాహ్నం అయింది, మూడయింది. నా చేతిలోంచి ప్లగ్గు దిగలేదు. మూడు నిమిషాలు కాగానే ఒక్క సెకను కూడా ఇవ్వకుండా అందరినీ కోసేశా, మిల్లు ఆయన్ని ఇంకా ఆనందంగా. సారు ఉపవాసం ముందు తినే భోజనం తొందరగా ముగించుకుని, తెల్ల బట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా వచ్చి బెంచీ మీద కూచున్నాడు. వాన వెలిసి పడమర ఎర్రగా ఉంది. ఆ ఎండ కిటికీలోంచి బోర్డు మీద పడి, కొంచెం కొంచెంగా పైకి జరుగుతోంది. మేమందరం దాన్నే చూస్తున్నాం. పొద్దు కుంకితే పండగ మొదలైనట్టే, ఇంక ఆయన ఫోన్ ముట్టుకోడు.

సరిగ్గా సారు ముందు ఇంక ఎవరూ లేరనుకునే వేళకి ఒకామె మోకాళ్ళ దాకా బురదతో కౌంటరు దగ్గరికొచ్చింది. జువ్వలదిన్నె నుంచట, పేరు అంకమ్మ. మొగుడు మద్రాసు రేవుకి మరబోట్ల పనికి పోయాడు. తుఫాను నాడు వేటకెళ్ళిన బోట్లు కొన్ని తిరిగి రాలేదని ఊళ్ళో అంటున్నారు. రేవు దగ్గర ఐసు కంపెనీలో ఫోనుందట, దానికి చెయ్యాలి.

"బుక్ చేసుకుని కూచో. రాత్రికో రేపటికో వస్తుంది" అన్నా.

"రేపటిదాకానా? మా ఇంట్లో బొట్టు ఉంచుకోవాల్నో తీసెయ్యాల్నో తెలీక కూసోనుండారు అందరూ" అనింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

అప్పుడే మద్రాసు పలికింది. "నెల్లూరు, నెక్స్ట్ కాల్?"

సారు లేచాడు. ఫోన్ దగ్గరికి కాదు, నా కుర్చీ దగ్గరికి. "ఆమెకి ఇవ్వండి."

"సార్! మీ అమ్మ!"

"వరస నాది. నాదాన్ని నేను ఇవ్వచ్చు. ఇందులో మోసం లేదు."

"ఈమె తర్వాత మాట్లాడినా కొంపలు మునగవు. మీకు పొద్దు లేదు!"

"ఈమెకి ఉందా?" అన్నాడు.

నేను పళ్ళు నూరుకుంటూ ఐసు కంపెనీ కలిపా. మనిషిని పిలుస్తామన్నారు. రిసీవరు చేతిలో ఎటు పట్టుకోవాలో తెలియక అంకమ్మ తలకిందులుగా పట్టుకుంటే, సారు తిప్పి చెవి దగ్గర పెట్టాడు. ఎంత సేపటికో అటు నుంచి మగ గొంతు, ఆఫీసంతా వినపడేలాగా:

"ఎవురే నిన్ను అంత దూరం రమ్మనింది? ఒక్కదానివే వచ్చినావా? పిల్లోళ్ళెక్కడ?"

అంకమ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. తర్వాత అందుకుంది. "చచ్చినావనుకున్న్యా గదరా! కబురు చెయ్యడానికి నోరు పడిపోయిందా నీకు? ఉండు, ఇంటికి రా, నీ సంగతి చెప్తా!" మిగిలిన మూడు నిమిషాలూ తిట్లే. కళ్ళలోంచి ధారగా నీళ్ళు, నోట్లోంచి ధారగా తిట్లు. సారు వింటూ నవ్వుతున్నాడు. బోర్డు మీద ఎండ లేదు.

ఆ సాయంత్రం

అంకమ్మ బెంచీ మీద కూలబడింది. సారు కిటికీలోంచి బయటికి చూసి, జేబులోంచి టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు. అందరికీ నమస్కారం పెట్టి గుమ్మం వైపు నడిచాడు. నేను మొహం చూడలేదు. చూడాలనిపించలేదు.

మద్రాసు మళ్ళీ పలికింది. "నెల్లూరు, మీ బొంబాయి కాల్ రెడీ. మాట్లాడండి."

ఆయన వరస ఆయనకి వచ్చింది. న్యాయంగానే వచ్చింది. పొద్దే లేదు.

"సార్, బొంబాయి!" అని అరిచా.

ఆయన గుమ్మంలో ఆగాడు. ఇటు తిరగలేదు. తల అడ్డంగా ఊపాడు.

"వద్దంటే క్యాన్సిల్ చేయమని నోటితో చెప్పాలి. చెప్పారంటే డ్యూటీ చేసినట్టే, పండగ పూట మీరు డ్యూటీ చేయకూడదు. కాబట్టి నేను లైను తీసుకుంటున్నా" అన్నా. ఇన్నేళ్ళ నా జీవితంలో నేను వేసిన అతి మంచి వాదన అది. ఆయన గుమ్మం దాటి పోలేదు.

"హలో, నెల్లూరు?" బొంబాయి ఆపరేటరు. "పెద్దావిడ ఇక్కడ పొద్దున్నుంచి షాపులో కూచుని ఉందట. తొందరగా మాట్లాడించండి, ఎండ పోకముందే అంటోంది."

"ఎండా? అక్కడ ఇంకా ఎండ ఉందా?"

"ఉంది. మా కిటికీలో పడుతోంది."

వాళ్ళది పడమటి సముద్రం, మాది తూర్పు. రోజూ ఆ రెండు ఊళ్ళనీ కలిపే నాకు, రెండు ఊళ్ళకీ పొద్దు ఒకేసారి కుంకదన్న సంగతి ఆ రోజుదాకా తట్టలేదు.

"రూబెన్? రూబెన్?" చాలా సన్నటి గొంతు. నాకు టెలిఫోన్ హిందీ వచ్చు, ఆమెకి మరాఠీ కలిసిన హిందీ.

"అమ్మా, నేను ఆపరేటర్ని. మీ అబ్బాయి ఇక్కడే గుమ్మంలో ఉన్నాడు. ఇక్కడ పొద్దు కుంకింది, ఫోన్ ముట్టుకోడు."

ఏడుస్తుందేమో అనుకున్నా. నవ్వింది. "ముట్టుకుంటే చెంప వాయించేదాన్ని. నాకింకా పొద్దుంది. నేను చెప్తా, నువ్వు అను."

ఆమె చెప్పింది. ఏం భాషో నాకు తెలియదు. ఒక్కో ముక్క ఆగి ఆగి చెప్పింది, నేను ఒక్కో ముక్క గట్టిగా అన్నా. అర్థం తర్వాత ఎప్పుడో సారు చెప్పాడు. దేవుడు నిన్ను కాపాడాలని, నీ మీద ఆయన మొహం వెలుగుగా ఉండాలని, నీకు శాంతి ఇవ్వాలని. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే, ఒక్క అక్షరం కూడా నా దగ్గర చెడిపోకూడదు. సారు అక్కడే, అటే తిరిగి, తల వంచాడు.

"తల వంచాడా?" అంది ఆమె.

"వంచాడమ్మా."

"చెయ్యి పెట్టు."

నా చెవులకున్న తీగ బారెడు. బోర్డు దగ్గర్నుంచి గుమ్మం దాకా అందదు. చుట్టూ చూశా. నిచ్చెన గోడకి ఆనించుకుని పెంచలయ్య నిలబడి ఉన్నాడు. "పెంచలయ్యా, అందరిలో పెద్దోడివి నువ్వే. పో, సారు తల మీద చెయ్యి పెట్టు!"

ఈసారి పారిపోలేదు. అరచేతులు రెండూ ఖాకీ నిక్కరుకి తుడుచుకుని వెళ్ళి, ఆ టోపీ మీద పెట్టాడు, చంటిబిడ్డ తల మీద పెట్టినట్టు.

"పెట్టాడమ్మా."

ఆమె మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. నేను మళ్ళీ అన్నా. మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మద్రాసు వింటోంది, బొంబాయి వింటోంది. నా క్లాస్‌మేటు ఊపిరి కూడా నాకు వినపడుతోంది. ఎవ్వరూ మధ్యలోకి రాలేదు.

దీవెన అయిపోయింది. ఆమె ఆగింది. దేనికోసమో ఎదురుచూస్తోందని తెలుస్తోంది, ఏం చెప్పాలో నాకు తెలియదు.

అప్పుడు గుమ్మంలోంచి, ఫోన్‌కి ఆమడ దూరంలో నిలబడి, ఇటు తిరక్కుండానే, ఎప్పుడూ గొంతు పెంచని ఆ మనిషి ఆఫీసు అదిరిపోయేలా "ఆమేన్!" అన్నాడు.

నా గుండె మీద ఉన్న మౌత్‌పీసు దాన్ని అందుకుంది.

"వినపడింది" అంది తల్లి.